బండ ఎక్కే ముందు పాలసీ తెరవండి

భువనగిరి కోట దగ్గర రాక్ క్లైంబింగ్‌కి మా గ్యాంగ్‌తో ఎవరు వస్తానన్నా నేను ముందు అడిగేది హెల్త్ పాలసీ పీడీఎఫ్. షూ సైజు తర్వాత.

అందులో మినహాయింపుల పేజీకి, అంటే కంపెనీ డబ్బు ఇవ్వనివి రాసే చోటికి వెళ్లి కోడ్ 09 వెతకండి. రాక్ క్లైంబింగ్, రాఫ్టింగ్, స్కూబా, స్కై డైవింగ్ వరసగా కనిపిస్తాయి. కంగారు పడకండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధనలో ‘ప్రొఫెషనల్‌గా పాల్గొంటే’ అనే షరతు ఉంది, మన ప్రాణం అక్కడే ఉంది. ఆదివారం సరదాకి ఎక్కి కాలు విరగ్గొట్టుకున్నవాడికి ఆ క్లాజు వర్తించదు. పర్సనల్ యాక్సిడెంట్, ట్రావెల్ పాలసీలు మాత్రం వేరే కథ. వాటిలో సరదా ఆటల్నీ తీసేసేవి ఉంటాయి, విడిగా చదవాల్సిందే.

దెబ్బ తగిలితే డాక్టరుకి జరిగింది జరిగినట్టే చెప్పండి. ‘మెట్ల మీద జారాడు’ అని రాయించే మహానుభావులున్నారు. రికార్డులు కలవకపోతే అసలుకే ఎసరు. డబ్బు కట్టి వెళ్లిన రసీదు దాచండి, మీరు ప్రొఫెషనల్ కాదు, కస్టమర్ అనడానికి అదే సాక్ష్యం.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి, కంపెనీకి ఫిర్యాదు పెట్టండి. నెలలో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. మనకి ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు.