రాత్రిపూట ఒంటరిగా కర్నూల్లో, అనంతపురంలో దిగితే లాడ్జికి చేరడం ఎలా?

హైదరాబాద్–బెంగళూరు మధ్య తిరిగే ప్రైవేటు బస్సులు చాలా వరకు ఊళ్లోకి రాకుండా 44వ నంబరు జాతీయ రహదారి మీదే దింపేస్తాయి. అసలు ఇబ్బంది ఇక్కడే. బైపాస్ చీకట్లో ఆటో దొరకదు, దొరికినా బేరమాడే వీలుండదు. టికెట్ కొనేటప్పుడే డ్రాపింగ్ పాయింట్ చూడండి. బస్టాండు అని లేకపోతే ఆర్టీసీ బస్సే ఎక్కండి.

హైదరాబాద్ నుంచి కర్నూలు సుమారు 210 కిలోమీటర్లు. రాత్రి 10కి ఎక్కితే రెండు, మూడింటికల్లా దిగుతారు. ఆ వేళ బయటికి రాకుండా, బస్టాండులో జనం ఉన్నచోట తెల్లారేదాకా కూర్చోవడమే మేలు.

తప్పదంటే లాడ్జికి ముందురోజే ఫోన్ చేయండి. రాత్రి గేటు తీస్తారా, ఆటోకు ఎంతవుతుంది, తెలిసిన ఆటో పంపుతారా అని అడగండి. పంపితే బండి నంబరు తీసుకోండి. మీ పేరు ఆటో డ్రైవరే చెప్పాలి. మీరే ముందు చెబితే ఎవరైనా "ఆ, నేనే" అంటారు.

ఎక్కేముందు నంబరు ప్లేటు ఫొటో ఇంటికి పంపి, లైవ్ లొకేషన్ పెట్టండి. మధ్యలో ఇంకో మనిషిని ఎక్కించుకుంటే దిగిపోండి, వెలుతురున్న చోటే. "ఆ లాడ్జి మూసేశారు, వేరేది చూపిస్తా" అంటే నమ్మొద్దు, అక్కడే లాడ్జికి ఫోన్ కలపండి. దారి మారిస్తే అత్యవసర నంబరు 112కు, రైల్లోనో రైల్వే స్టేషన్లోనో అయితే రైల్వే హెల్ప్‌లైన్ 139కు ఫోన్ చేయండి.