పాత డెస్క్‌టాప్‌కు కొత్త పార్ట్‌లు వేశాక తేడా చేస్తే: ముందు కరెంటు, తర్వాత వేడి

మూడో తరం, నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న పాత డెస్క్‌టాప్‌ను పారేయకండి. ఒక ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్), ఇంకో ర్యామ్, చిన్న గ్రాఫిక్స్ కార్డు వేసుకుంటే పిల్లల చదువుకు ఇంకా కొన్నేళ్లు హాయిగా పనికొస్తుంది. అయితే వేసిన నాలుగు రోజులకు ఏదైనా తేడా వస్తే చాలు, అందరూ కొత్త పార్ట్‌నే అనుమానిస్తారు. దాన్ని సంచిలో వేసుకుని సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నైలో కంప్యూటర్ పార్ట్‌లు అమ్మే రిచీ స్ట్రీట్‌కు బయల్దేరిపోతారు. తిరుపతిలో ఉండేవాళ్లు ముందు కరెంటు చూడాలి. ఆ తర్వాత వేడి, ఆ తర్వాత పార్ట్ స్లాట్‌లో సరిగ్గా కూర్చుందా లేదా. పార్ట్ పోయిందేమో అన్న అనుమానం చివరికి రావాలి.

ఏ పనికైనా ముందు ప్లగ్ పీకేయండి. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్ తీశాక కూడా లోపల కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జ్ ఉంటుంది.

కరెంటు పోతే లైట్లు ఆగవు, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది

గ్రాఫిక్స్ కార్డు వేయకముందు ఇన్వర్టర్ మీద బాగానే నడిచింది, ఇప్పుడు ఎందుకు ఆగుతోందని అడుగుతుంటారు. కరెంటు పోయిన క్షణం నుంచి ఇన్వర్టర్ అందుకునే దాకా ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో దాచుకున్న శక్తితోనే నెట్టుకురావాలి. పూర్తి లోడు మీద అది సుమారు 16 మిల్లీసెకన్లు. ఇన్వర్టర్ నార్మల్ మోడ్‌లో ఉంటే మారడానికి అంతకంటే ఎక్కువ సమయం తీసుకోవచ్చు. లోడు తక్కువగా ఉన్నప్పుడు ఆ సమయం గడిచిపోయేది. కార్డు వచ్చాక నిల్వ తొందరగా అయిపోతోంది. అంతే తప్ప కార్డులో లోపం లేదు.

చాలా ఇన్వర్టర్లకు నార్మల్, యూపీఎస్ అని ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని యూపీఎస్ వైపు తిప్పండి. మారే సమయం బాగా తగ్గుతుంది. ఒక ఇబ్బంది ఉంది: ఈ మోడ్‌లో ఇన్వర్టర్ తక్కువ వోల్టేజీని ఒప్పుకోదు, బ్యాటరీ మీదికి మారిపోతుంది. సాయంత్రం వోల్టేజీ పడిపోయే వీధుల్లో బ్యాటరీ తొందరగా దిగుతుంది. అలాంటి చోట కంప్యూటర్‌కు విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకోవడమే మంచిది.

కరెంటు పోకపోయినా గేమ్ ఆడేటప్పుడు మాత్రమే రీస్టార్ట్ అవుతుంటే ఎస్‌ఎంపీఎస్ చాలడం లేదేమో చూడాలి. డబ్బా మీద 450 వాట్లు అని ఉంటే సరిపోదు, స్టిక్కర్‌లో 12 వోల్టుల లైన్‌కు ఎన్ని ఆంపియర్లు రాశారో చదవండి. కార్డుకు స్లాట్ నుంచి గరిష్ఠంగా 75 వాట్లు, ఆరు పిన్నుల కనెక్టర్ నుంచి 75, ఎనిమిది పిన్నుల దాని నుంచి 150 వస్తాయి. పాత హార్డ్ డిస్క్ వైరుకు కన్వర్టర్ తగిలించి ఎనిమిది పిన్నుల కార్డు నడపొద్దు, వైరు కరిగిపోయే ప్రమాదం ఉంది.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది

దీన్ని చాలామంది పట్టించుకోరు. దయచేసి పట్టించుకోండి. ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తింగ్ లేకపోతే బాడీ మీద సుమారు సగం వోల్టేజీ, అంటే 115 వోల్టుల దాకా తేలుతుంది. కరెంటు చాలా తక్కువే కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ మెషీన్ నడుస్తుండగా హెచ్‌డీఎంఐ కేబులో, ప్రాజెక్టులకు వాడే చిన్న ఆర్డుయినో బోర్డో తగిలిస్తే ఆ తేడా పోర్టునే కాల్చేయగలదు.

ముందు టూ పిన్ అడాప్టర్ వాడుతున్నారేమో చూడండి, వాడుతుంటే తీసేయండి. తర్వాత మల్టీమీటర్‌తో సాకెట్ చూడాలి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 దగ్గర్లో, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులలోపు ఉంటే మంచిది. మెయిన్స్ కొలవడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మన రాయలసీమలో ఏప్రిల్, మే నెలల్లో ఎర్త్ గుంట ఎండిపోతుంది. మట్టి ఎండితే రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఇంటి పక్కన ఆ గుంట ఎక్కడుందో వెతికి, వేసవిలో రోజు విడిచి రోజు నీళ్లు పోయండి. జివ్వుమనడం కాకుండా గట్టిగా షాక్ కొడితే ఇది వేరే సమస్య. మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి.

మధ్యాహ్నం పూట ఆగిపోతుంది, రాత్రి బాగా నడుస్తుంది

గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. జనవరిలో గది 25 ఉన్నప్పుడు 75 దగ్గర ఆగిన ప్రాసెసర్, మేలో గది 40కి చేరితే 90కి పోతుంది. దుమ్ము పేరుకున్నా, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయినా వంద దాటడానికి ఎంతో సేపు పట్టదు.

కూలర్ తీసి, పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టండి. ఇంటెల్ కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. ఎదురెదురు మూలల్లో ఉన్నవాటిని జతగా నొక్కాలి, నాలుగూ టక్కుమనాలి. ఒక్కటి సగంలో ఉండిపోయినా ఒక వైపు ఎత్తుకుని ఉంటుంది, పేస్ట్ ఎంత మంచిదైనా వృథా. క్యాబినెట్‌ను కంప్యూటర్ టేబుల్ అరలో తలుపేసి పెట్టకండి.

ర్యామ్ వేశాక ఫ్యాన్ తిరుగుతుంది, బొమ్మ రాదు

చాలాసార్లు ర్యామ్ చివరి దాకా దిగి ఉండదు. తీసి, కాంటాక్టులు తుడిచి, రెండు వైపులా క్లిప్పులు పడేదాకా నొక్కండి. ఒక్కో ర్యామ్‌ను ఒక్కో స్లాట్‌లో మార్చి చూడండి. అయినా రాకపోతే స్టిక్కర్ చదవండి. చవగ్గా దొరికే కొన్ని డీడీఆర్‌3 ర్యామ్‌లు ఏఎండీ బోర్డులకే పనిచేస్తాయి, ఇంటెల్ బోర్డులో బొమ్మ రానివ్వవు. గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ వైరు కార్డుకే తగిలించారా అన్నదీ చూసుకోండి.

తేదీ వెనక్కి పోయింది, ఎస్‌ఎస్‌డీ నుంచి విండోస్ రావడం లేదు

ఇవి రెండూ ఒకే సమస్య కావొచ్చు. ఉరుములకు భయపడి ప్లగ్ పీకి ఉంచే ఇళ్లలో మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీమాస్ సెల్ తొందరగా అయిపోతుంది. ప్లగ్‌లో ఉంటే గడియారానికి ఎస్‌ఎంపీఎస్ స్టాండ్‌బై కరెంటు ఇస్తుంది, లేకపోతే ఆ భారం సెల్ మీదే పడుతుంది. సెల్ అయిపోతే బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికొస్తాయి. కొన్ని పాత బోర్డుల్లో సాటా మోడ్, అంటే బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారిపోతుంది, విండోస్ నీలం తెర చూపించి ఆగిపోతుంది. ఫార్మాట్ చేయకండి, మీ ఫైళ్లు అలాగే ఉన్నాయి. సీఆర్ 2032 సెల్ మార్చి, బయోస్‌లోకి వెళ్లి తేదీ సరిచేసి, సాటా మోడ్‌ను మళ్లీ ఏహెచ్‌సీఐకి పెట్టి సేవ్ చేయండి.