పులి పశువును చంపితే పరిహారానికి అప్లై చేసే విధానం: మొదటి రోజే ఏం చెయ్యాలె

మా ఊరు కాగజ్‌నగర్ అవతల, అడవి అంచుల ఉంటది. ఏడెకరాల చేను, పత్తిల కంది సాళ్లు, నాలుగు బర్రెలు, జత ఎడ్లు, పదిహేను మేకలు, ఇంటి ముందట కోళ్లు, ఇవన్నీ కలిస్తేనే మాకు ఏడాది గడుస్తది, ఒక్కటి పోయినా లెక్క తప్పుతది. మహారాష్ట్రల ఉన్న తడోబా పులుల అడవి దిక్కు నుంచి ప్రాణహిత నది దాటి పులులు ఇటు వస్తయ్, ఇక్కడి నుంచి కవ్వాల్ పులుల అడవి దాకా వాటి తొవ్వ. పులి ఉండాలె అనుకునేటోన్నే నేను. కానీ అది కొట్టంల పశువును చంపితే ఆ బరువు రైతు ఒక్కడే మొయ్యొద్దు కదా, అందుకే అటవీ శాఖ పరిహారం ఇస్తది. చిరుత చంపినా ఇదే పద్ధతి.

పరిహారం మొత్తం కళేబరం మీదనే ఆధారపడి ఉంటది, దాన్ని కదిలించొద్దు. మొదటిసారి మా ఆవుదూడ వాగు ఒడ్డున చచ్చి పడి ఉంటే, వాసన వస్తదని మా నాయన, నేను కలిసి గుంత తీసి పూడ్చినం. మూడో రోజు పోయి చెప్తే చూపెట్టనీకి ఏముంది, ఏం లేదు, అడుగులు కూడా వానకు కొట్టుకపోయినయ్, ఆ కేసు నిలవలేదు. రెండోసారి ఎద్దు పోయినప్పుడు ముట్టుకోకుండ ఆ పొద్దే ఫోన్ చేసినం, పని సాఫీగ అయింది.

పొద్దున పశువు కనపడకపోతే ఒక్కరే పోవద్దు, నలుగురైదుగురు కలిసి, మాట్లాడుకుంట, చప్పుడు చేసుకుంట పోవాలె. పులి చంపినదాని దగ్గర్లనే పడుకొని ఉండొచ్చు, సాయంత్రం మళ్లీ తిననీకి వస్తది, అందుకే పొద్దు గూకక ముందే వెనుకకు రావాలె. కళేబరాన్ని ముట్టుకోకుండ ఫోన్ల ఫొటోలు తియ్యండి, మొత్తం పశువు ఒకటి, మెడ మీద గాట్లు ఒకటి, చెవికున్న ట్యాగ్ ఒకటి, చుట్టుపక్కల చెట్లు వాగు కనపడేటట్టు ఒకటి. పులి అడుగు కనపడితే పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీసి, ఆ అడుగు మీద గంప బోర్లించండి, వాన పడ్డా మేకలు తొక్కినా చెదిరిపోదు. పులి అయితే మెడ పట్టి చంపుతది, తినుడు ఎక్కువగా తొడల దిక్కు నుంచి షురూ చేస్తది, చిరుత పొట్ట, ఛాతీ దిక్కు నుంచి తింటది, కుక్కలైతే కాళ్లకు, వెనక భాగానికి చిందరవందరగా గాట్లు ఉంటయ్. మీరు తేల్చాల్సిన పని లేదు, చూసింది చూసినట్టు చెప్తే చాలు.

ఫోన్ మొదట అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు చెయ్యాలె, దొరక్కపోతే సెక్షన్ ఆఫీసర్‌కు, రేంజ్ ఆఫీసుకు. ఈ నంబర్లు పంచాయతీ గోడ మీద రాయించుకోవాలని నేను మా ఊర్ల గట్టిగ చెప్తున్న. చేసిన టైమ్ రాసి పెట్టుకోండి. వాళ్లొచ్చి మోకా మీద పంచనామా రాస్తరు, ఊరోళ్లు సాక్షి సంతకాలు పెడతరు, సర్పంచో, వన సంరక్షణ సమితి మనిషో ఉంటే ఇంకా మంచిది. సంతకం పెట్టే ముందు చదివించుకొని వినండి, పశువు వయసు, రంగు, చచ్చిన జాగ సరిగ రాసిన్రా లేదా అని. పశువుల డాక్టర్ వచ్చి పోస్ట్‌మార్టం చేసి విలువ కడతడు. పాడి బర్రె అయితే పాల కేంద్రం పుస్తకం జిరాక్స్ డాక్టర్‌కు చూపెట్టండి, రోజుకు ఎన్ని లీటర్లు పోస్తున్నదో అండ్ల ఉంటది, నోటి మాట కంటే అది బలం. చెవి ట్యాగ్ మీద 12 అంకెల నంబర్ ఉంటది, ట్యాగ్ లేని పశువు మీదే అని చూపెట్టుడు కష్టమైతది, అందుకే ఇప్పుడే పశువుల దవాఖానల ఉత్తగనే ఏపించుకోండి.

దరఖాస్తు తెల్లకాగితం మీద రేంజ్ ఆఫీసర్ పేరున రాస్తే చాలు. మీ పేరు, ఊరు, ఫోన్ నంబర్, ఏం పశువు, ఎంత వయసు, ట్యాగ్ నంబర్, ఆఖరుసారి ఎప్పుడు చూసిన్రు, ఎక్కడ దొరికింది, ఎవరు చూసిన్రు, ఇంతే. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సులు, ఫొటోలు జత చెయ్యండి. రెండు కాపీలు తీసుకపోయి ఒకదాని మీద ముద్ర, తేదీ ఏపించుకోండి, అది మీ దగ్గర లేకపోతే తర్వాత అడగనీకి నోరు రాదు. బ్యాంకుల పేరు, ఆధార్‌ల పేరు ఒక్కటే ఉండాలె, మా పక్కింటాయనకు ఇంటిపేరు తేడా వచ్చి మస్తు తిరగాల్సి వచ్చింది. రేంజ్ నుంచి ఫైల్ జిల్లా అటవీ అధికారి (డీఎఫ్‌ఓ) దగ్గరికి పోతది, మంజూరైతే పైసలు అకౌంట్ల పడతయ్.

అడవి పందులు పంట తింటే అది వేరే దరఖాస్తు, దీంట్ల కలపొద్దు.

ఒక్క మాట మాత్రం గుండె మీద చెయ్యి పెట్టుకొని చెప్తున్న, కోపానికి కళేబరం మీద పురుగుల మందు చల్లొద్దు. 2024 జనవరిల మా కాగజ్‌నగర్ అడవిలనే రెండు పులులు చచ్చిపోయినయ్, మందు పెట్టిన కేసుల మనుషులు అరెస్టయిన్రు. వన్యప్రాణి చట్టం కింద కనీసం 3 ఏళ్లు, 7 ఏళ్ల దాకా జైలు పడతది. పులే కాదు, ఆ మాంసం తిన్న ప్రతిదీ పోతది. బెజ్జూర్ దిక్కు పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు 2013ల కనపడ్డయ్, అవి బతికేదే మన పశువుల కళేబరాల మీద. అందుకనే పశువుకు నొప్పి సూది ఏపిచ్చేటప్పుడు కూడా డైక్లోఫెనాక్ వద్దనండి, అది ఎక్కిన పశువు కళేబరం తింటే రాబందులు చస్తయ్, పశువులకు అది 2006లనే బ్యాన్ చేసిన్రు, దాని బదులు మెలోక్సికామ్ ఉంటది, డాక్టర్‌ను అడిగితే ఇస్తడు.

పోస్ట్‌మార్టం అయినంక కూడా కళేబరం అక్కడనే ఉంచమని చెప్తే ఉంచండి. అక్కడ కెమెరా కడతరు, పులి వచ్చి తింటే ఫొటో పడతది, ఆ ఫొటో మీ ఫైల్‌కే సాక్ష్యం. కళేబరం తీసేస్తే పులి ఆకలికి ఇంకో పశువు మీదికి వస్తది, అది మీదో పక్కోనిదో. ఆ రెండు మూడు రోజులు పసులను ఆ దిక్కు తోలకుండ ఊర్ల అందరికీ చాటింపు ఏపించండి.