ఫాంటసీ సినిమా డిస్కును బేరీజు వేయడం ఎలా?

హనుమకొండలోని మా ఇంటి అల్మారాలో ఇంతవరకూ ఆడని డీవీడీ పెట్టె ఒకటి ఉన్నది. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు ఎంతో ప్రేమతో తెచ్చినదే గాని, డిస్కులను దేశాల వారీగా విభజించే కట్టుబాటు ప్రకారం అది అక్కడి రీజియన్ 1 డిస్కు కావడం, మన దేశం రీజియన్ 5లో ఉండడం వల్ల మా ప్లేయర్ దానిని ఒక్కనాడూ చదవలేదు. మన వైపు చాలా ఇళ్ళలో ఒకరో ఇద్దరో విదేశాల్లో ఉంటారు కనుక, నాణ్యత సంగతి ఎత్తే ముందే పెట్టె వెనుక ఉన్న చిన్న భూగోళం గుర్తును చూడడం అవసరం. బ్లూరేలకు వస్తే అమెరికా ‘ఎ’ ప్రాంతం, మనది ‘సి’ ప్రాంతం. 4కె డిస్కులకు ఈ కట్టుబాటు లేదు గాని, అదే పెట్టెలో తోడుగా వేసే మామూలు బ్లూరేకు ఉండవచ్చు.

ఇక బేరీజు వేయడంలో మొదటి నియమం, సినిమాకు వేసే మార్కులను డిస్కుకు కలపకపోవడం. కథ మీది మక్కువతో నాసిరకం డిస్కును క్షమించేవారిని ఎంతోమందిని చూశాను. వారిలో నేనూ ఒకణ్ణి.

పుస్తకం నుంచి వచ్చిన సినిమా అయితే, డిస్కులో ఉన్నది ఏ కూర్పు అన్నది ముందుగా తేల్చుకోవాలి. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి భాగం 2001లో థియేటర్లలో 178 నిమిషాలు ఆడింది. 2002లో డీవీడీగా వచ్చిన విస్తృత కూర్పు 208 నిమిషాలు. ఆ అదనపు అరగంట పుస్తకానికి మరింత దగ్గరగా ఉంటుందని అనుకోవడం సహజమే గాని, అన్ని చోట్లా అది నిజం కాదు. ఎల్ఫులనే కల్పిత జాతి దొరసాని గలాడ్రియెల్ వీడ్కోలు వేళ కానుకలిచ్చే ఘట్టాన్ని తీసుకోండి. విస్తృత కూర్పులో ఆమె కథానాయకుడి తోడుగా నడిచే శామ్‌కు ఒక తాడు ఇస్తుంది. పుస్తకంలో ఇచ్చేది తన తోటలోని మట్టి నింపిన చిన్న పెట్టె. ఆ మట్టితో అతడు చివర్లో, శత్రువుల చేతిలో పాడైన తన ఊరి చెట్టూచేమలను మళ్ళీ నిలబెట్టుకుంటాడు. ఊరు పాడయ్యే ఘట్టాన్ని సినిమా పూర్తిగా వదిలేసింది కాబట్టి మట్టికి అక్కడ పని లేకపోయింది, రెండో భాగంలో గొల్లమ్ మెడకు చుట్టే తాడుకు మాత్రం పుట్టుక చెప్పవలసి వచ్చింది. కాబట్టి అదనపు దృశ్యాలను నిమిషాలతో కొలవకుండా, ప్రతి చేర్పూ పుస్తకాన్ని నింపుతున్నదా, లేక సినిమాలోని సందును పూడుస్తున్నదా అని చూడాలి. రెండూ విలువైనవే, కాకపోతే రెండూ ఒకటి కావు.

నిడివి విషయంలోనే ఇంకొక చిక్కు ఉన్నది. మన దేశంలో అమ్మే డీవీడీల్లో పాల్ అనే టీవీ పద్ధతికి తగ్గట్టు చేసినవి ఉంటాయి; సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాను అవి 25 ఫ్రేముల వేగంతో నడుపుతాయి. అందువల్ల 178 నిమిషాల సినిమా దాదాపు 171 నిమిషాలకే ముగుస్తుంది, గొంతులు ఒక పిసరు సన్నబడతాయి. దానిని చూసి ఏదో కత్తిరించారని అమ్మినవాడితో తగవుపడకూడదు.

బొమ్మను పరీక్షించే ముందు టీవీని దారిలో పెట్టుకోవాలి. దుకాణంలో తళతళలాడేందుకు ఉంచే వివిడ్ మోడ్‌ను తీసివేసి సినిమా మోడ్ పెట్టి, కదలికలను నునుపు చేసే సదుపాయాన్ని ఆపివేసి, రాత్రి పూట దీపాలార్పి చూడాలి. ఫాంటసీకి అసలు పరీక్ష చీకటి దృశ్యాల్లో ఉంటుంది. మోరియా గనిలో మాంత్రికుడు గాండాల్ఫ్ చేతికర్ర వెలుగు రాతి గోడల మీద పడే చోట, ఆ వెలుగు మెల్లమెల్లగా చీకట్లో కలిసిపోవాలి. మెట్లు మెట్లుగా వలయాలు కనిపించినా, నల్లని భాగం గళ్ళు గళ్ళుగా కదిలినా డేటాను అతిగా కుదించారని అర్థం. 8.5 జీబీల డీవీడీలో నాలుగు గంటల సినిమాను ఇరికిస్తే జరిగేది ఇదే. పైన చెప్పిన విస్తృత కూర్పును రెండు డిస్కుల మీద పరచడం అందుకే. ఫిల్మ్ మీది సన్నని రేణువును మచ్చగా భావించి తుడిచివేసే డిస్కులూ ఉన్నాయి. రామప్ప గుడి మదనికల హారాల నగిషీని ఉప్పుకాగితంతో రుద్దితే ఎలా ఉంటుందో, వాటిలో ముఖాలు అలా మైనపు బొమ్మల్లా ఉంటాయి. రంగుకు మంచును చూడండి. 2011లో వచ్చిన విస్తృత కూర్పు బ్లూరేలో మొదటి భాగమంతటా ఆకుపచ్చ ఛాయ పరచుకున్నదని అభిమానులు గోలపెట్టారు. తెల్లగా ఉండవలసినవాటి మీదే అది ఇట్టే పట్టుబడుతుంది.

ఫ్రేము కొలత కూడా ముఖ్యం. 1957 నాటి ‘మాయాబజార్’కు రంగులద్ది 2010లో విడుదల చేసినప్పుడు దానిని సినిమాస్కోప్‌కు మార్చారు. చతురస్రానికి దగ్గరగా ఉండే పాత ఫ్రేమును అలా వెడల్పు చేస్తే పైనా కిందా కొంత పోక తప్పదు. పాత చిత్రాల డిస్కు ఏదైనా, కిరీటాల కొనలు తెగుతున్నాయా అని చూస్తే చాలు.

ధ్వని గురించి ఒక్క మాట: యుద్ధఘోషకు ఇల్లు అదరడం గొప్ప కాదు, ఆ వెంటనే వచ్చే గుసగుసలాంటి సంభాషణ రిమోట్ ముట్టకుండానే వినిపించాలి. అంతకంటే తరచుగా దొర్లే లోపం సబ్‌టైటిళ్ళలో ఉంటుంది. ఎల్ఫుల భాష వంటి కల్పిత భాషల్లో మాట్లాడేటప్పుడు, సబ్‌టైటిళ్ళు ఆపి ఉంచినా ఆ వాక్యాల అర్థం తెర మీద రావాలి. డబ్బింగ్ ట్రాక్ పెట్టుకున్నప్పుడు కూడా వస్తున్నదో లేదో విడిగా చూడాలి.

అనుబంధాల్లో ప్రచార ముఖాముఖీలను లెక్కలోకి తీసుకోనక్కరలేదు. పుస్తకాన్ని ఎక్కడ కోశారో, ఎందుకు కోశారో చెప్పేవే విలువైనవి. ఆ 2002 డీవీడీలో ఇందుకోసమే రెండు డిస్కులు కేటాయించి, సినిమాకు నాలుగు వ్యాఖ్యాన ట్రాకులు చేర్చారు. 2020లో వచ్చిన 4కె పెట్టెలో బొమ్మ మెరుగుపడింది గాని ఆ అనుబంధ డిస్కులు లేవు, అందుకే నేను పాత డీవీడీని ఎవరికీ ఇవ్వలేదు.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే, పెట్టె విప్పేటప్పుడే ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి. వాపసు గడువు లోపల ప్రతి డిస్కులో సినిమా మధ్య భాగాన్నీ చివరి ఇరవై నిమిషాలనూ తప్పక ఆడించి చూడండి. ఒకే పొర ఉన్న డిస్కులో డేటా నడిమి నుంచి అంచు వైపు సాగుతుంది, రెండు పొరల డిస్కులో సాధారణంగా అంచు దాకా వెళ్ళి తిరిగి నడిమి వైపు వస్తుంది; గీతలూ వేలిముద్రలూ పడేది ఎక్కువగా అంచు దగ్గరే.