పాత ఓడ ఫిరంగి షెల్స్: కొనేముందు అడుగు తిప్పి చూడండి

గురువారం పొద్దున్నే హైదరాబాద్‌ల జుమ్మెరాత్ బజార్‌కి పోతే పాత తాళాలు, రేడియోలు, ఇత్తడి చెంబుల మధ్యల అప్పుడప్పుడు ఒక పొడుగాటి ఇత్తడి గొట్టం కనిపిస్తది. అమ్మేటాయన దాన్ని గుల్దాన్ అంటడు, కిలో లెక్కన రేటు చెప్తడు. దాన్ని తలకిందులు చేసి అడుగు చూడండి. అంచు కొంచెం బయటికొచ్చి, మధ్యల గుండ్రటి ప్రైమర్ బిళ్ళ (లోపలి మందుని అంటించేది), చుట్టూ చిన్న చిన్న అక్షరాలు, అంకెలు పొడిచి ఉంటే అది ఫిరంగి కేసు. ఎవరో దాన్ల పూలు పెట్టుకున్నరు, అంతే.

షెల్ అని అందరం ఒకే మాట వాడతం గానీ అవి రెండు వేరే సామాన్లు. ఒకటి కేసు, మందు నింపే ఇత్తడి గొట్టం, ఫిరంగి కాల్చినంక అది ఓడ మీదనే ఉండిపోతది. రెండోది గుండు, ముందుకు దూసుకపోయేది, ఎక్కువగ ఉక్కుది, కింది భాగంల రాగి పట్టీ చుట్టి ఉంటది. ఈ తేడా తెలిస్తే చాలా అబద్ధాలు అక్కడికక్కడే పట్టుకోవచ్చు. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ మద్రాసు మీద గుండ్లు కురిపించి బర్మా ఆయిల్ ట్యాంకులు తగలబెట్టింది కదా, ఆ ముక్కలు అక్కడి ఫోర్ట్ మ్యూజియంల చూడొచ్చు. ఎవరన్నా ఇత్తడి కేసు చూపించి ఇది ఆ రాత్రి మద్రాసుల పడ్డది అంటే నమ్మకండి, కేసులు ఓడ డెక్ మీదనే పడ్డయి, ఊర్లకి వచ్చినయి గుండ్లు మాత్రమే.

కొలతల కంటే ముందు ఒక మాట గట్టిగ చెప్పాలె. లోపల ఖాళీగ ఉందని మీ కండ్లతోటి చూడలేని వస్తువు జోలికి పోవద్దు, అది ఎంత పాతదైనా సరే. 2008ల అమెరికాలోని వర్జీనియాల పాత ఆయుధాలు సేకరించే, ఏండ్ల అనుభవం ఉన్న ఒకాయన అక్కడి సివిల్ వార్ నాటి 9 అంగుళాల నావికా గుండుని బాగు చేస్తుంటే అది పేలి చనిపోయిండు, ఆ యుద్ధం అయిపోయి అప్పటికి 140 ఏండ్లు దాటింది. నల్లటి తుపాకిమందు తడి లేకుండ ఉంటే వందేండ్లైనా పని చేస్తది. లిడ్డైట్ అని బ్రిటిషోళ్ళు వాడిన పిక్రిక్ యాసిడ్ అయితే ఇంకా ఘోరం, లోహంతోటి కలిసి పిక్రేట్లు తయారైతయి, అవి చిన్న దెబ్బకే పేలొచ్చు. గుండు మీది రాగి పట్టీకి ఏటవాలు గీతలు పడి ఉంటే అది ఫిరంగి గొట్టంల నుంచి పోయినట్టు. మరి ముక్కు దగ్గర ఫ్యూజు, అంటే గుండుని పేల్చే భాగం, అట్లనే ఉండి గుండు పగలకుండ ఉందంటే? కాల్చినా పేలకుండ మిగిలిపోయింది కావచ్చు, అన్నిట్లకెల్ల ప్రమాదం అదే. ముట్టుకోవద్దు, కదిలించొద్దు, నలుగురినీ దూరం జరిపి 112కి ఫోన్ చేయండి.

చట్టం సంగతి కూడా ఉంది. 1959 ఆయుధాల చట్టంల మందుగుండు అనే మాట కింద షెల్స్, ఫ్యూజులు, వాటి భాగాలు కూడా వస్తయి. అందుకే నేను కాల్చేసిన ఖాళీ ఇత్తడి కేసులే చూస్త, ప్రైమర్ ముందే తీసేసి ఉండి ఆ బొక్కల నుంచి వెలుతురు కనిపిస్తే ఇంకా మంచిది. ప్రైమర్ ఉండి దాని మీద సొట్ట లేకపోతే అది కాల్చనిది కావచ్చు, వదిలేయండి. కొనేముందు ఒకసారి లాయర్‌ని గానీ పోలీస్ స్టేషన్‌ల గానీ అడగండి, బిల్లు తప్పకుండ రాయించుకోండి. వందేండ్లు దాటినవి 1972 పురావస్తు చట్టం కిందికి రావచ్చు, వాటిని సొంతంగ విదేశాలకి పంపుడు కుదరదు.

ఇక గుర్తుపట్టుడు. రాణిగంజ్‌ల దొరికే మామూలు వర్నియర్ కాలిపర్, ఒక టేపు చాలు. ముందు కేసు మూతి లోపలి వెడల్పు, తర్వాత మొత్తం పొడుగు కొలవండి. మూతి ఒక్కటే చూసి పేరు పెట్టకండి, మొదట్ల అందరం చేసే తప్పు ఇదే. మూతి దాదాపు 40 మిల్లీమీటర్లు ఉందనుకోండి, పొడుగు 158 అయితే బ్రిటిష్ ఓడల మీది పాంపాం అనే ఫిరంగిది, 311 అయితే రెండో ప్రపంచ యుద్ధం నాటి బోఫోర్స్ ఫిరంగిది. ఆ బోఫోర్స్ ఓడల మీదా ఉండె, నేల మీద సైన్యం దగ్గరా ఉండె, అందుకే పొడుగు చూసి ఓడది అని చెప్పలేం, అడుగున ముద్ర చూడాల్సిందే. 57 మిల్లీమీటర్లలో 307 పొడుగుంటే హాచ్‌కిస్ 6 పౌండర్, అది ఓడల కోసం పుట్టిన ఫిరంగి, 441 ఉంటే సైన్యం వాడిన ట్యాంకు విధ్వంసక ఫిరంగిది.

అడుగు ముద్రలు చదవాలంటే సెల్‌ఫోన్ టార్చి పక్క నుంచి వాల్చి కొట్టండి, లేకపోతే పల్చటి కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, అరిగిపోయిన అక్షరాలు కూడా లేస్తయి. బాణం మొన లాంటి మూడు గీతల గుర్తు ఉంటే బ్రిటిష్ సర్కారు సొత్తు. ఆర్.ఎల్. అంటే వూల్విచ్‌ల రాయల్ లాబొరేటరీ. కిరీటం కింద ఎం అక్షరం ఉంటే కైజర్ (జర్మన్ చక్రవర్తి) కాలపు జర్మన్ నేవీ, అట్లాంటిది చేతికొస్తే తొందరపడి బేరం ఆడకండి, ముందు ఫొటో తీస్కోండి. చిన్న లంగరు గుర్తు అమెరికన్ నేవీ కేసుల మీదా ఉంటది, జపాన్ వాటి మీదా ఉంటది, పక్కన ఉన్న అక్షరాలు ఇంగ్లీషా కాదా చూడండి.

బంతి లాంటి పాత ఇనుప ఫిరంగి గుండ్ల విషయంల మన దగ్గర మోసం ఎక్కువ. సిమెంట్ ఫ్యాక్టరీ బాల్ మిల్లుల వాడే ఉక్కు బంతుల్ని తుప్పు పట్టించి గోల్కొండ గుండు, ఓడ గుండు అని అమ్మొచ్చు. షాట్‌పుట్ బంతి కూడా అంతే. పాత పోత గుండుకి అచ్చు కలిసిన గీత, ఇనుము పోసిన చోట మచ్చ ఉంటయి. వ్యాసం సెంటీమీటర్లల కొలిచి, ఆ అంకెని మూడుసార్లు వేసి గుణించి (10 × 10 × 10 లెక్క), 3.7 పెట్టి మళ్ళ గుణిస్తే గట్టి పోత గుండు బరువు గ్రాముల్ల దాదాపుగ వస్తది, 10 సెంటీమీటర్లదైతే 3.7 కిలోలు. తూకంల అంతకంటే బాగా తక్కువ వస్తే లోపల బోలు ఉన్నట్టు, దాన్ల మందు ఉండొచ్చు, అక్కడే పెట్టేసి దూరం జరగండి.

ఇంటికి తెచ్చినంక చింతపండు పెట్టి తోమకండి. మా ఇంట్ల ఒకసారి పండగకి పూజ సామాన్లతో పాటు ఒక కేసు కూడా అట్లనే తోమిండ్రు, వందేండ్ల రంగు మొత్తం పోయింది, నాకు ఇప్పటికీ బాధే. సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ, నీడల ఆరబెట్టుడు, అంతే. తర్వాత కొన్న తేదీ, చోటు, కొలతలు, పెన్సిల్‌తో రుద్దిన కాయితం అన్నీ ఒక కవర్ల పెట్టి కేసు లోపలనే వేసి ఉంచండి.