కార్తీకంలో ఉపవాసం, పరుగు, వనభోజనం ఒకే వారాంతంలో పడితే

విశాఖలో కార్తీకమాసం వచ్చిందంటే శని, ఆదివారాల్లో మా ఇంట్లో ఊపిరి సలపదు. శనివారం వెంకటేశ్వరస్వామికి ఒంటిపూట. ఆదివారం తెల్లారేసరికి బీచ్ రోడ్డు మీద కాలనీవాళ్ళందరి అయిదు కిలోమీటర్ల పరుగు. మధ్యాహ్నం వనభోజనం, సాయంత్రం దీపాలు, సోమవారం మళ్ళీ నక్తం, అంటే పొద్దంతా ఉపవాసం ఉండి సాయంత్రం చుక్క చూశాకే భోజనం. వీటిలో ఏదీ మానుకోమని చెప్పడానికి ఇది రాయడం లేదు, అన్నీ మాకు ఇష్టమైనవే. దేనికది చూసుకుంటే ఏదీ కష్టమూ కాదు. కానీ ఒకదాని నీరసం ఇంకోదాని మీద పడుతుంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళల్లో ఆ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

నాకది నిరుడు తెలిసొచ్చింది. శనివారం రాత్రి రెండు అరటిపళ్ళు తిని, గ్లాసుడు పాలు తాగి పడుకున్నాను. నాలుగింటికి లేచి చన్నీళ్ళతో తలస్నానం, తులసికోట దగ్గర దీపం, అటునుంచి అటే ఖాళీ కడుపుతో పరుగుకి. మూడో కిలోమీటరు దాటుతుండగా చెవులు గుయ్యిమన్నాయి, అరచేతులు చల్లబడిపోయాయి. పిట్టగోడ పట్టుకుని కూలబడ్డాను. పక్కనే వస్తున్న మా పెద్దది, తొమ్మిదేళ్ళ పిల్ల, "అమ్మా, నీ మొహం ఏంటి అలా అయిపోయింది?" అని ఏడుపు మొదలెట్టింది. ఎవరో ఒకావిడ పంచదార కలిపిన నిమ్మరసం తాగించి, ఇరవై నిమిషాలు నా పక్కనే కూర్చున్నారు. నా కళ్ళు తిరగడం కంటే పిల్ల పడ్డ భయమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అందుకే ఇప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆదివారం పరుగుంటే శనివారం మధ్యాహ్నం కడుపునిండా భోజనం, రాత్రి అన్నం మానేసి ఉప్పుడు పిండో, ఇడ్లీయో. పలహారం కాబట్టి ఒంటిపూట నియమం తప్పినట్టు కాదు, ఒంట్లో సత్తువ కూడా ఉంటుంది. పొద్దున బయలుదేరడానికి ముప్పావుగంట ముందు ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు. ఏమీ ముట్టకుండా ఉండాలన్న పట్టుదల ఉంటే ఆ రోజు నడవండి, పరిగెత్తకండి. పిల్లలకి మాత్రం ఉపవాసం అసలు వద్దు. స్నానం గోరువెచ్చని నీళ్ళతో చేయించి, తల పూర్తిగా ఆరాకే సముద్రపు గాలిలోకి తీసుకెళ్ళండి. ఉబ్బసం ఉన్న పిల్లలైతే ఇన్‌హేలర్ మీ జేబులోనే ఉండాలి, కారులో కాదు.

ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళుంటే నక్తం గురించి కార్తీకం మొదలవకముందే డాక్టరుతో మాట్లాడండి. మా అత్తయ్యగారు మొదట ఒప్పుకోలేదు. "నలభై ఏళ్ళుగా చేస్తున్నానమ్మా, ఈశ్వరుడే చూసుకుంటాడు" అన్నారు. "డాక్టరుగారి చేత కూడా ఆ ఈశ్వరుడే చెప్పిస్తాడు, ఒక్కసారి వెళ్ళొద్దాం అత్తయ్యా" అంటే కాదనలేకపోయారు. షుగర్‌ని బాగా దించే మాత్రలు వేసుకుని, లేదా ఇన్సులిన్ తీసుకుని పొద్దంతా ఏమీ తినకపోతే ప్రమాదం. డాక్టరు ఆవిడ మాత్రల వేళలు మార్చి రాశారు. మధ్యాహ్నం పాలు, పళ్ళు తీసుకోమన్నారు. ఒంట్లో వణుకు, చెమట, మాట తడబడటం కనిపిస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడాలి. 70 కంటే తక్కువుంటే అప్పటికప్పుడు మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పావుగంట తరవాత మళ్ళీ చూడాలి. ఆ సమయంలో నక్షత్రం కోసం ఎదురుచూడకూడదు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

ఇక పరుగు. నవంబరులో ఇక్కడ సూర్యోదయం ఆరింటికి అటూ ఇటూ. చలికాలమే కదా అనుకుంటాం గానీ సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. పరుగు మధ్యలో దాహమైనప్పుడు రెండు గుక్కలు తాగితే చాలు. భయంకొద్దీ సీసాలకి సీసాలు మంచినీళ్ళు తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి, అదొక కొత్త ప్రమాదం. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపండి. స్పూన్లు తలగొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే పిల్లలకి మంచిది కాదు. కొత్త బూట్లు ఆ రోజే తొడగకండి, కనీసం రెండు వారాలు వాటితో నడిచి ఉండాలి. జ్వరం వచ్చి తగ్గిన వారంలో ఎవరూ పరిగెత్తొద్దు, గుండె మీద భారం పడుతుంది. ఛాతీలో పట్టేసినట్టు ఉన్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా ఆగిపోండి. టీ షర్టు డబ్బులు దండగవుతాయని మాత్రం చూసుకోకండి.

పిల్లలు తప్పిపోవడం గురించి ఎవరూ ముందు ఆలోచించరు. మా చిన్నాడికి అయిదేళ్ళు. బయలుదేరేముందు వాడి చొక్కా లోపలివైపు మా ఇద్దరి ఫోన్ నంబర్లు పెన్నుతో రాస్తాను. బిబ్, అంటే పరుగులో చొక్కాకి పెట్టుకునే నంబరు కాగితం, దాని వెనక బ్లడ్ గ్రూపు, అత్యవసర నంబరు రాయడానికి చోటుంటుంది, చాలామంది అది ఖాళీగానే వదిలేస్తారు. కలుసుకునే చోటు కూడా ముందే అనుకోవాలి. మాది కురుసుర సబ్‌మెరైన్. అంత పెద్ద జలాంతర్గామిని పిల్లలు ఎంత గుంపులో ఉన్నా గుర్తుపడతారు. "అమ్మ కనిపించకపోతే వెతకొద్దు, ఉన్నచోటే నిలబడు, పక్కన పిల్లల్ని ఎత్తుకున్న ఆంటీకో పోలీసు అంకుల్‌కో చెప్పు" అని వాడి చేత రెండుసార్లు అప్పజెప్పించుకుంటాం.

పరుగైపోగానే పిల్లలు నీళ్ళలోకి ఉరుకుతారు. కార్తీక స్నానం కూడా అయిపోతుందిలే అని పెద్దవాళ్ళూ దిగుతారు. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఇక్కడే. ఆర్కే బీచ్ దగ్గర అల వెనక్కి వెళ్ళేటప్పుడు పాదాల కింద ఇసుక జారిపోతుంది, మోకాళ్ళ లోతులోనే మనిషి పడిపోతాడు. అలలు విరుగుతున్న చోట్ల మధ్య ఒక పాయ ప్రశాంతంగా, నల్లగా కనిపిస్తే అదే మంచి చోటు అనుకుంటారు. తరచుగా లోపలికి లాగేసేది అదే. అందులో చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకండి, తేలుతూ పక్కకి, ఒడ్డుకి సమాంతరంగా జరగండి. ఎవరైనా కొట్టుకుపోతుంటే ఈత వచ్చినవాళ్ళు కూడా ఆవేశంగా దూకొద్దు. మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాన్ విసరండి, లైఫ్‌గార్డులని కేకేయండి. పరుగుతో అలసిన కాళ్ళతో సముద్రంలోకి దిగకపోవడమే మేలు. చెంబుడు సముద్రపు నీళ్ళు తెచ్చి ఒడ్డునే నెత్తిన చల్లుకుంటే మా అత్తయ్యగారి లెక్కలో అది స్నానమే. పిల్లలకీ అలాగే చేస్తాం.

బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టేదీ ఈ రోజుల్లోనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఏం చేసిందో చూసినవాళ్ళం. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే పరుగు లేదు, బీచీ లేదు, చెట్ల కింద భోజనాలూ లేవు.

వనభోజనానికి వండి తీసుకెళ్తుంటే అన్నం సంగతి కాస్త చూడండి. ఉడికించినా చావని సూక్ష్మజీవులు అన్నంలో ఉంటాయి. వేడి అన్నం మూతపెట్టి గంటల తరబడి వదిలేస్తే అవి పెరిగి విషం కక్కుతాయి, తిరిగి వేడిచేసినా ఆ విషం పోదు. చింతపండు పులుపు వల్ల పులిహోర కొంత ఆగుతుంది. పెరుగన్నం మాత్రం అక్కడికి వెళ్ళాకే కలపండి. కొబ్బరి పచ్చడి వద్దు. అక్కడే వండుకుంటే పొయ్యి వెలిగించేముందు తలెత్తి చెట్టు చూడండి, తేనెపట్టు ఉంటే పొగ తగలగానే ఈగలు మీద పడతాయి. అప్పుడు చేతులు ఊపకుండా, మొహం కప్పుకుని బండిలోకో గదిలోకో పరుగెత్తాలి.

కొండల పక్కన, పొదల్లో కూర్చునేవాళ్ళకి ఈ కాలంలో స్క్రబ్ టైఫస్ భయం ఉంది. కంటికి కనిపించని చిన్న పురుగు కుడుతుంది, వారం పది రోజుల తరవాత జ్వరం మొదలవుతుంది. చాలామందికి చంకలోనో, గజ్జలోనో, నడుము దగ్గరో నల్లగా సిగరెట్ కాలినట్టు మచ్చ ఉంటుంది. నేల మీద దుప్పటి మందంగా పరిచి, పిల్లలకి కాళ్ళూ చేతులూ కప్పే బట్టలు వేసి, ఇంటికి రాగానే ఆ బట్టలు వేడినీళ్ళలో వేయండి. తరవాత జ్వరమొస్తే పొదల్లో కూర్చున్న సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ముందే తెలిస్తే మామూలు మాత్రలతో తగ్గే జబ్బు.

దీపాలు పెట్టేవేళకి అందరూ అలసి ఉంటారు. పొరపాట్లు జరిగేది అప్పుడే. నెయ్యిలో నానిన 365 వత్తుల కట్ట వెలిగిస్తే మంట ఒక్కసారిగా జానెడు పైకి లేస్తుంది. గుడిలో నేల మీద వరసగా దీపాలు, మధ్యలోంచి పట్టులంగాలు రాసుకుంటూ తిరిగే ఆడపిల్లలు. ఓ సాయంత్రం మా అమ్మాయి వంగి దీపం పెడుతుంటే, భుజాన జారిన ఓణీ కొస వెనక దీపానికి వేలెడు దూరంలో ఊగడం నేను చూశాను. అప్పటినుంచి దీపాలప్పుడు దానికి నూలు చుడీదారే, జడ ముడి వేసి, చున్నీ లేకుండా. బట్టలకి నిప్పంటుకుంటే పరుగెత్తనివ్వకండి, నేల మీద పడుకోబెట్టి దొర్లించండి. కాలిన చోట ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళు పారనివ్వాలి. నెయ్యి, పేస్టు, సిరా ఏవీ పూయకండి.

సోమవారం నక్తం ఉండేవాళ్ళు ఆదివారం రాత్రి భోజనం మానకండి. పడుకునేముందు మూత్రం ముదురు పసుపుగా ఉంటే ఒంట్లో నీళ్ళింకా చాలలేదని అర్థం. మర్నాటికీ అలాగే ఉంటే ఆ సోమవారం పాలు, పళ్ళతో గడపండి. సాయంత్రం మా డాబా మీద చుక్క కనపడగానే చిన్నాడు "మామ్మా, వచ్చింది!" అని కేకేస్తాడు. అత్తయ్యగారు దణ్ణం పెట్టుకుని ముందు గోరువెచ్చని నీళ్ళు తాగుతారు, తరవాత చిన్న గిన్నెడు పెసరకట్టుతో మెత్తటి అన్నం. పులిహోర, గారెలు ఆ పైన గంటకి.