ఇంట్లో జింజర్ బీర్: హైదరాబాద్ ఎండకు తగ్గ పద్ధతి

లైసెన్సు లేకుండా ఇంట్లో అసలు బీరు తయారు చేయడం తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 కింద నేరం. పులియబెట్టే పని నేర్చుకోవాలంటే అల్లం, చక్కెర పులియబెట్టి చేసే గ్యాసు పానీయం జింజర్ బీర్‌తో మొదలుపెట్టండి.

ముందు జింజర్ బగ్ కావాలి. అంటే పెరుగుకు తోడులా, బీర్‌ను పులియబెట్టే ఈస్టు ఉన్న అల్లం నీళ్లు. గాజు సీసాలో అర లీటరు నీళ్లు, 2 టేబుల్ స్పూన్ల అల్లం తురుము, అంతే చక్కెర వేయండి. అల్లానికి మట్టి పోయేలా కడిగితే చాలు, తొక్క తీయొద్దు. మనకు కావలసిన ఈస్టు ఉండేది ఆ తొక్క మీదే. నల్లా నీళ్లలోని క్లోరిన్ దాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి నీళ్లు మరిగించి, పూర్తిగా చల్లారాకే పోయాలి. మూతికి పల్చని నూలు గుడ్డ కట్టి నీడలో పెట్టండి. రోజూ ఒక్కో స్పూను అల్లం తురుము, చక్కెర వేసి కలపాలి. మేలో అయితే మూడో రోజుకే, డిసెంబరులో వారానికి, కదపగానే బుస్సుమని నురగ వస్తుంది. పైన తెల్లటి పల్చని పొర కడితే తీసేసి వాడుకోవచ్చు. నూగులా ఆకుపచ్చ, నల్ల బూజు పడితే మాత్రం మొత్తం పారబోయాల్సిందే.

ఇక బీర్. 2 లీటర్లకు 100 గ్రాముల అల్లం, 150 గ్రాముల చక్కెర, 2 నిమ్మకాయలు. ముదురు అల్లమైతేనే ఘాటు. లీటరు నీళ్లలో దంచిన అల్లం, చక్కెర వేసి 10 నిమిషాలు మరిగించి వడకట్టండి. కాచి చల్లార్చిన మరో లీటరు నీళ్లు, నిమ్మరసం కలపండి. గిన్నె బయట చేయి పెడితే వేడి తెలియకూడదు. అప్పుడే 100 మిల్లీలీటర్ల బగ్‌ను వడకట్టి పోయాలి. వేడిలో పోస్తే ఈస్టు చస్తుంది, ఎన్నాళ్లున్నా గ్యాసు పట్టదు. రాగి, ఇత్తడి గిన్నెలు వద్దు. పులుపుకు చిలుము దిగుతుంది.

అసలు జాగ్రత్త సీసాల దగ్గరే. బేగంబజార్‌లో దొరికే అందమైన నలుచదరపు గాజు సీసాలు అలంకారానికే, గ్యాసు ఒత్తిడికి మూలల దగ్గర పగిలిపోతాయి. కూల్‌డ్రింక్ వచ్చిన ప్లాస్టిక్ సీసాలే మేలు. మెడ దగ్గర నాలుగు వేళ్ల ఖాళీ ఉంచి మూత బిగించి, పూటకోసారి నొక్కి చూడండి. మొదట మెత్తగా నొక్కుకుపోతుంది, గ్యాసు పట్టేకొద్దీ గట్టిపడుతుంది. కొత్త కూల్‌డ్రింక్ సీసా అంత గట్టిగా అయిన వెంటనే ఫ్రిజ్‌లోకి. చల్లటి దేశాల వంటకాల్లో రాసిన 'వారం రోజులు' లెక్క ఇక్కడ పనికిరాదు. వేసవిలో ఇడ్లీ పిండి గిన్నె దాటి పొంగినట్టే, 40 డిగ్రీల ఎండలో ఇదీ ఒక్క రోజులోనే సిద్ధమైపోవచ్చు. చలికాలంలో మూడు రోజులైనా పడుతుంది.

ఫ్రిజ్‌లో ఒక పూట బాగా చల్లబడనిచ్చి, సింకులో పెట్టి మూత కొద్దికొద్దిగా తిప్పండి. బయట ఎక్కువసేపు ఉంచితే తీపి తగ్గి ఆల్కహాలు పెరుగుతుంది. త్వరగా తీసినా కాస్తయినా ఉంటుంది కాబట్టి పిల్లలకు ఇవ్వకండి. వారంలో తాగేయాలి.

మిగిలిన బగ్‌ను ఫ్రిజ్‌లో దాచి, వారానికో స్పూను అల్లం, స్పూను చక్కెర వేస్తూ ఉండండి. మళ్లీ వాడేముందు ఒక రోజు బయట పెట్టి, నురగ వచ్చాకే కలపాలి.